బిరడలకు నీళ్ళు

గుత్తిలో మా తమ్ముడు ఓబులేసు ఇంటికి ఆ రోజు నేను పోయింది వాణ్ణి ఓదార్చడానికి. పోయి చేసింది మాత్రం తిట్టడం. బెంగళూరు ఆసుపత్రిలో గొంతు కోసి, పుండుతో పాటు మాట పుట్టే చోటునంతా తీసేసి ఇంటికి పంపిన తర్వాత వాణ్ణి చూడటం అదే మొదలు. మెడ ముందు చిన్న రంధ్రం, దాని మీద పలచటి తెల్లగుడ్డ. ఊపిరి ఆ గుడ్డ వెనకనుంచి వచ్చిపోతోంది. నన్ను చూసి పెదాలు కదిలించాడు గాని శబ్దం లేదు. మా నాయన తర్వాత మా ఇంట్లో గొంతు అనదగ్గది వాడొక్కడికే ఉండేది. రైల్వేలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ స్నానాలగదిలో తప్ప ఎక్కడా పాడలేదు గాని, వాడు నీళ్ళు పోసుకుంటుంటే పక్క క్వార్టర్సు వాళ్ళు తమ కుళాయి కట్టేసి వినేవాళ్ళట. ఆ గొంతు పోయిన మనిషి ముందు కూర్చుని ఏం మాట్లాడాలో నాకు తోచలేదు. తోచనప్పుడు ఇల్లు సర్దడం నా అలవాటు. బతుకంతా హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని, చిందరవందరగా ఉన్నదేదైనా కంటపడితే చెయ్యి ఊరుకోదు.

మంచం కిందికి చీపురు పోనిస్తే ఏదో తగిలింది. లాగి చూస్తే గిటారు. కరెంటుతో మోగే రకం. దాని మెడ చివర, తీగలు బిగించే మరలుండే చోట, పాత తువ్వాలు చుట్టి ఉంది. తువ్వాలు తడిగా ఉంది. విప్పి చూద్దును గదా, మరలన్నీ ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి. కొయ్య నీళ్ళు తాగి ఉబ్బి, పైన పూత తెల్లబారి, గోటితో గీరితే పొరలుగా లేస్తోంది. వాడి కూతురు ఈశ్వరి వంటింట్లోంచి వచ్చి నా పక్కన నిలబడింది. తల్లి పోయినప్పటినుంచీ తండ్రిని చూసుకుంటున్నది ఆ పిల్లే. ఊళ్ళోనే ఒక కాలేజీ ఆఫీసులో పని.

"గొంతు తీసేస్తామని డాక్టర్లు చెప్పినప్పుడే ఫోన్లో బుక్ చేసినాడత్తా," అంది. "పెట్టెలో ముక్కలు ముక్కలుగా వచ్చింది. పలక వేరే, మెడ వేరే, మరలు, తీగలు, వైర్లు అన్నీ వేరే వేరే. మనమే బిగించుకోవాలంట. ఆసుపత్రినుంచి వచ్చినాక కూచోని బిగించినాడు. తీగ నిలబడల్యా, ఎంత బిగించినా జారిపోతాండాది. అప్పట్నుంచి రోజూ పొద్దున ఈ తువ్వాలు తడిపి చుడతాడు. ఎందుకు నాయనా అంటే నవ్వుతాడు."

నాకు ఒళ్ళు మండింది. "ఒరే ఓబులేసూ, ఇనుప మరలకు తడిగుడ్డ చుడతారంట్రా ఎవరైనా? రైల్వేలో ఇన్నేండ్లు చేసినావు, ఇనుముకు నీళ్ళు తగిలితే ఏమయితాదో తెలీదా? ఆరో తరగతి పిల్లోణ్ణి అడిగినా చెప్తాడే!" అని ఇంకా ఏదేదో అన్నాను. వాడు నన్ను అననిచ్చాడు. నేను ఆగిన తర్వాత, తువ్వాలు వైపు చూపించి, మెల్లగా పెదాలు కదిలించాడు. నాకు అర్థం కాలేదు. ఈశ్వరికి అప్పటికే తండ్రి పెదాలు చదవడం వచ్చేసింది. "'మన నాయన ఇట్లనే చుట్టేవాడు గదక్కా' అంటాండాడు," అంది. నేను చీపురు కింద పెట్టి మంచం మీద వాడి పక్కన కూర్చున్నాను.

మా నాయన వడ్రంగి. కంబదూరు పక్కన ఒక పల్లె మాది. నాగళ్ళు, బండి చక్రాలు, గడపలు చేసేవాడు. ఇల్లంతా కొయ్యపొట్టు వాసన. వేపకొయ్య చెక్కితే ముక్కు అదిరే చేదు వాసన వచ్చేది, తుమ్మకొయ్యకు పచ్చి వాసన. గడపలకు లక్క పట్టించే రోజుల్లో అయితే లక్క కరిగించిన స్పిరిట్ వాసనకు తల తిరిగేది. లక్కపని నాయన తెల్లవారకముందే మొదలుపెట్టి, ఎండ వాకిట్లోకి రాగానే ఆపేసేవాడు. ఎండ ఎక్కితే స్పిరిట్ గాల్లో కలిసిపోతుంది, లక్క గుడ్డకంటుకుని చారలు పడుతుంది. ఆ ఘడియల్లో మేము లేచినా మాట్లాడకూడదు, అటూ ఇటూ నడిచి దుమ్ము లేపకూడదు. అమ్మ కూడా వాకిలి చిమ్మకుండా ఆగేది. మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, నడవలో నులకమంచం మీద కూర్చుని పొగాకు నములుతూ, "ఏమప్పా, నీ పెండ్లికూతురికి సింగారం అయిందా?" అని అడిగేది. ఆ ఇంట్లో నాయనను ఆటపట్టించే ధైర్యం ఆమెకొక్కతికే ఉండేది.

నాయనకు ఇంకో పని కూడా ఉండేది. ఆయన తత్వాలు పాడేవాడు. మా పక్క ఎవరన్నా పోతే, ఎత్తేదాకా శవం తలాపున కూర్చుని తంబూర మీటుతూ తత్వాలు పాడే ఆనవాయితీ ఉంది. పాడేది మగవాళ్ళు, ఆడవాళ్ళు ఏడవడానికి. చుట్టుపక్కల పల్లెల్లో ఎక్కడ చావు జరిగినా నాయనకు మనిషి వచ్చేవాడు. ఆ తంబూర నాయన తన చేత్తో చేసుకున్నదే. పనస మా నేలన పెరిగేది కాదు, ఆ కొయ్యను కన్నడ దేశం నుంచి ఎవరి బండి మీదనో తెప్పించాడు. తెప్పించి వెంటనే ఉలి పట్టలేదు. ఒక ఎండాకాలమంతా ఆ దుంగను నడవలో గోడకానించి ఊరికే ఉంచాడు. "ఈ ఊరి ఎండ తెలీని కొయ్యను నమ్మకూడదు," అనేవాడు. మధ్యాహ్నాలు ఆ దుంగ ఆరుతూ చిటపటమనేది. అవ్వ దానితో మాట్లాడేది. "ఏడ్వు, ఏడ్వు. నేనూ కొత్తగా కాపరానికొచ్చినప్పుడు ఇట్లనే ఏడ్చినా," అని.

బిరడల సంగతి చెప్పాలి. బిరడ అంటే తంబూర తీగను చుట్టే కొయ్య మేకు. మెడకు తొలిచిన రంధ్రంలో బిగువుగా కూర్చుంటుంది. దానికి మర లేదు, పళ్ళు లేవు, ఆ బిగువొకటే దాన్ని ఆపుతుంది. మా గాలికి ఆ బిగువు నిలవదు. ఎండాకాలం కొయ్యలోని చెమ్మంతా పీల్చేసి బిరడను సన్నం చేస్తుంది. అప్పుడు తీగ బిగించి చెయ్యి తీయగానే బిరడ గిర్రున వెనక్కి తిరిగి తీగ వేలాడిపోతుంది. అందుకని నాయన చావింటికి పోయేముందు బిరడల చుట్టూ తడిగుడ్డ చుట్టి కాసేపు ఉంచేవాడు. కొయ్య నీళ్ళు పీల్చి ఉబ్బి రంధ్రంలో బిగుసుకునేది. ఇక ఎత్తేదాకా తీగ కదిలేది కాదు. దానికి కావలసిందల్లా ఒక చెంబు నీళ్ళు.

ఆ చెంబు నీళ్ళే లేని కాలం ఒకటి వచ్చింది. కరువంటే మాకు కొత్త కాదు గాని, అది వేరు. వరసగా వానల్లేక చెనిక్కాయ చేలు నేలకు అంటుకుపోయాయి. ఎద్దులు పోయాయి, బర్రె పోయింది. నాగళ్ళు చేయించుకునేవాడు లేక నాయన బాడిశ గోడకు తగిలించాడు. ఊరిబావి అడుగున తేమ కూడా లేదు. సర్కారు ట్యాంకరు దానికి తోచినప్పుడు వచ్చేది. వచ్చినప్పుడు అమ్మ తెచ్చిన నీళ్ళను ఇంట్లో ఎవరి పాత్రలో వాళ్ళకు కొలిచి పోసేది. నాకు, తమ్ముడికి చెరొక ముంత. అవ్వకు ఆమె ఇత్తడి చెంబు. ఆ చెంబు మంచం కింద, పైన పళ్ళెం మూసి, అవ్వ చేతికందే చోట ఉండేది. దాని పక్కనే బర్రె ఉన్నప్పటి పెరుగుదుత్త ఒకటి బోర్లించి ఉండేది. బర్రె పోయాక ఆ దుత్తతో ఎవరికీ పని లేదు.

కరువులో చావులు కూడా ఎక్కువే. ఒకరోజు పక్కూరినుంచి నాయనకు కబురొచ్చింది. ఆయన తంబూర దించి, బిరడ తిప్పి చూసి, అమ్మను అడిగాడు. "ఒక చెంబు నీళ్ళియ్యి. బిరడలు జారిపోతాండాయి."

"మనుషులకే ల్యాకపోతే కొయ్యకు యాడనుంచి తెచ్చి పొయ్యాల?" అంది అమ్మ.

"చావింటికి పోతాండా. శవం కాడ తీగ జారితే అపచారం."

"పిల్లోళ్ళ గొంతెండితే అపచారం కాదా? ఈ ముంతలో ఉండేది ఓబులేసుది. వాడి ముందర తీసుకో, చూస్తా."

నాయన తీసుకోలేదు. అట్లనే పోయాడు. ఆ చావింట్లో పాట మధ్యలో తీగలు జారుతూనే ఉన్నాయట. పోయినాయన అన్న ఒకడు, "ఏమప్పా, నీ తంబూర గూడా దప్పికతో సస్తాండాదే," అన్నాడట. ఆయన ఎగతాళికి అన్నాడో, ఏడుపులో అన్నాడో తెలియదు. నాయన ఇంటికొచ్చి తంబూర మూలన పెట్టి, సంకటిముద్ద ముందు కూర్చుని, తినకుండా లేచాడు. నడవలో అవ్వ ఇదంతా వింటూనే ఉంది.

"నేను పోయినప్పుడు గూడా ఇట్లనే జారిపోతాదేమప్పా?" అంది.

"అప్పటికి వాన వస్తాదిలేమా."

"వాన రానీ, రాకపోనీ. నా కాడ మాత్రం తీగ జారకూడదు. జారిందంటే లేచి కూచుంటా, చూడు మళ్ళ," అని పళ్ళులేని నోటితో నవ్వింది. నాయన కూడా నవ్వాడు. ఆ కరువులో ఆయన నవ్వడం నాకు గుర్తున్నది అదొక్కటే.

తర్వాత అవ్వ మంచం దిగలేదు. ఏ రోగమో తెలియదు, తెలుసుకోవాలని ఎవరూ అనుకోలేదు. ముసలిదయింది, అంతే. అమ్మ రోజూ ఆమె వంతు నీళ్ళు చెంబులో పోసేది. "ఆడ పెట్టు, తాగుతాలే," అనేది అవ్వ. మరునాడు చూస్తే చెంబు ఖాళీ. అమ్మ మళ్ళీ పోసేది. అవ్వ పెదాలు పగిలి నెత్తురు చారలు కట్టాయి. నాలుక మందమై మాట ముద్దగా వచ్చేది. వయసు మీద పడితే అంతేనని అమ్మ చెప్పింది, మేము నమ్మాము. ఒక పొద్దున లేచి చూస్తే అవ్వ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి గాని మనిషి లేదు.

శవాన్ని దించాలని అమ్మ మంచం కింది సామాను బయటికి లాగింది. చెంబు తీసింది. పెరుగుదుత్త తీయబోయి, బరువుకు చెయ్యి జారి ఆగిపోయింది. అది బోర్లించి లేదు. నిలబెట్టి, పైన గుడ్డ కట్టి ఉంది. గుడ్డ విప్పితే నిండా నీళ్ళు. మెడదాకా. అమ్మ ఖాళీ చెంబును దాని పక్కన పెట్టింది. "తాగల్యా," అంది. "అత్త తాగనే ల్యా." నాయనకు వెంటనే అర్థమయింది. ఆయన మూలనున్న తంబూర తెచ్చి దుత్త పక్కన పెట్టాడు. చేరిన ఆడవాళ్ళలో ఒకామె, మంచిదేలే, శవానికి స్నానం పోయడానికి నీళ్ళు దొరికాయంది. "ఈ నీళ్ళు దానికి కాదు," అంది అమ్మ. శవాన్ని తడిగుడ్డతో తుడిచారు, ఆ తడి మా ముంతల్లోది. దుత్తలోని నీళ్ళలో మాత్రం, చెంబు నీళ్ళివ్వనన్న అమ్మే, తన కొంగు ముంచి తెచ్చి తంబూర బిరడలకు తన చేత్తో చుట్టింది.

నాయన పాడాడు. ఎత్తేదాకా తీగ జారలేదు. కర్మలు అయిపోయాక బిరడలు ఊడబీకి, తంబూరను అటక మీదికి విసిరాడు. మళ్ళీ ఎవరి చావుకూ పోలేదు, పిలవడానికి వచ్చినవాళ్ళతో మాట్లాడలేదు. ఓబులేసుకు గొంతు విచ్చుకున్న తర్వాత ఒకసారి వాడు తంబూర దించమని అడిగితే, "ఆ పాట మనకొద్దు నాయనా," అన్నాడు. వాడు మళ్ళీ అడగలేదు. రైల్వే పరీక్ష రాసి గుత్తికి పోయాడు. వాన ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది. ఎప్పుడు వచ్చిందో నాకు గుర్తులేదు.

అవ్వ మీద నాకు కోపం. అప్పుడూ కోపమే, చదువుకుని ఉద్యోగం చేస్తున్నప్పుడూ కోపమే. అది త్యాగమని చెప్పేవాళ్ళున్నారు మా బంధువుల్లో, వాళ్ళను చూస్తే నాకు చిరాకు. ఎండిపోతున్న మనిషి నోటి దగ్గరి నీళ్ళు కొయ్యమేకులకు దాచిపెట్టడం మూర్ఖత్వం కాకపోతే ఏమిటి? కొడుకు పాటను నిలబెట్టాలనుకుంది, ఆ పాటే లేకుండా చేసింది. పోతూపోతూ ఇంట్లో ఒక గొంతును నొక్కేసి పోయింది. క్లాసులో కొయ్య చెమ్మ పీలిస్తే ఎందుకు ఉబ్బుతుందో చెప్పేటప్పుడల్లా ఆ దుత్త నా కళ్ళముందు ఉండేది. పిల్లలకు తలుపుల ఉదాహరణ చెప్పేదాన్ని, బిరడల మాట ఎత్తేదాన్ని కాదు.

ఇదంతా కళ్ళారా చూసిన మనిషి ప్రపంచంలో నాకు ఓబులేసు ఒక్కడే మిగిలాడు. వాడు ఆ తుప్పు గిటారును ఒళ్ళో పెట్టుకుని పెదాలు కదిలిస్తుంటే ఈశ్వరి చదివింది. "'దీన్ని నిలబెట్టు అక్కా. నేను పోయేటప్పటికి తీగ నిలబడాల. నువ్వే మీటాల.'"

"శవం కాడ ఆడోళ్ళు తంబూర పట్టుకుంటారంట్రా?"

"'ఇది తంబూర కాదు గదా,' అంటాండాడత్తా." వాడు భుజాలు ఎగరేస్తూ శబ్దం లేకుండా నవ్వాడు. తర్వాత ఏదో అంటే ఈశ్వరికి అర్థం కాలేదు, నాకు అర్థమయింది. ఆ మాట ఆకారం నాకు తెలుసు. 'జారిందంటే లేచి కూచుంటా' అన్నాడు.

డాక్టరు నాతో విడిగా మాట్లాడాడు. పుండు మళ్ళీ మొదలయింది, లోపలికి దిగింది. ఎంతకాలమని నేను అడగలేదు. అనంతపురంలో నా ఇంటికి తాళం వేసి గుత్తికి వచ్చేశాను. గిటారును విప్పి ముక్కలు ముక్కలు చేశాను. తుప్పు మరలు తీసేశాను. మెడ చివర చెడిన పూతనంతా ఉప్పుకాగితంతో రుద్ది కొయ్యదాకా దించాను. చూస్తే కొయ్య లోపలిదాకా చెమ్మ. అదే మెడ మీద ఇంకోచోట కొయ్య కుంచించుకుపోయి, అడ్డంగా కొట్టిన లోహపు మెట్ల చివరలు రంపప్పళ్ళలా బయటికి పొడుచుకొచ్చాయి. ఎక్కడో తడిగాలి దేశంలో తయారైన కొయ్య అది. పెట్టె తెరిచిన రోజే బిగించేశాడు వీడు. దాన్ని ఆరనివ్వకుండా పైన లక్క వేస్తే మళ్ళీ పొరలు లేస్తుంది. ఆరనివ్వాలంటే నాయన లెక్కలో ఒక ఎండాకాలం. నా ముందున్న కష్టం ఇదొక్కటే. కొయ్యకు కాలం కావాలి, వాడికి కాలం లేదు. వాడికే చెప్పాను. చిన్నప్పుడు ట్యాంకరు కోసం ఎదురుచూస్తూ కూర్చున్న పిల్లవాడి మొహం పెట్టి విన్నాడు. 'ఆగుతాలే,' అన్నాయి పెదాలు.

ఆగాడు. మెడను నడవలో గోడకానించి పెట్టాము, వాడి మంచానికి ఎదురుగా. ఆ ఎండాకాలమంతా అది ఆరుతూ ఉంది, వాడు తరుగుతూ ఉన్నాడు. నేను ఆకురాయి పట్టుకుని మెట్ల చివరలు ఒక్కొక్కటే నున్నగా రాశాను. తెప్పించిన సామానొకటి వచ్చినప్పుడల్లా వాడి ముందు పెట్టి, పాఠం చెప్పినట్టు చెప్పేదాన్ని. తీగ ఆనే చోట వచ్చిన ప్లాస్టిక్ ముక్క తీసేసి ఎముక ముక్క అరగదీసి కూర్చాను. తీగ మోతను కరెంటుగా మార్చే పికప్పు, పెట్టెతో పాటు వచ్చినది, గురకపెడుతుంటే, మంచిది తెప్పించి సోల్డరింగ్ కడ్డీ వేడిచేసి నేనే అతికించాను. ఆ పొగకు వాడు రంధ్రం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కూడా అక్కడినుంచి లేవలేదు. బిరడలు మాత్రం నేనే పదిచోట్ల వెతికి ఏరి కొన్నాను. ఉక్కువి, లోపల పళ్ళచక్రం ఉన్నవి. "చూడు, మనం తిప్పితే తీగ బిగుస్తాది. తీగ ఎంత గుంజినా చక్రం ఎనక్కి తిరగదు. కొయ్య ఉబ్బినా, ఎండినా దీనికి సంబంధం ల్యా. దీనికి నీళ్ళు అక్కర్లేదురా." వాడు బిరడను వేళ్ళమధ్య తిప్పుతూ, వెనక్కి తిప్పాలని బలంగా గుంజి చూశాడు. తిరగలేదు. 'ఖాయమా?' అన్నాడు. ఖాయమన్నాను.

మెడ ఆరిందని తెలిసిన రోజు తెల్లవారకముందే లేచి లక్క కలిపాను. స్పిరిట్ సీసా మూత తీసిన చప్పుడుకే నడవలో వాడు కళ్ళు తెరిచాడు. ఈశ్వరి వాకిలి చిమ్మబోతుంటే చేత్తో వారించాడు, దుమ్ము లేస్తుందని. దూదిని గుడ్డలో ఉండకట్టి, పలచగా, వెనక్కి రాకుండా ఒకే దిక్కుకు పట్టించడం నాయన చేస్తుంటే చూసిందే తప్ప నేనెప్పుడూ చేసింది కాదు. ఎండ నడవ మెట్టు మీదికి రాగానే ఆపేదాన్ని. మరునాడు మళ్ళీ. అట్లా పూత మీద పూత. వాడు లేవలేని రోజుల్లో కూడా తల పక్కకు తిప్పి చూసేవాడు. బిగించడం అయ్యాక తీగలన్నీ ఒకే రకానివి వేసి, అన్నిటినీ నాయన తంబూర శ్రుతికే కలిపాను, సా, పా, మళ్ళీ సా. అనంతపురంలో తీగలమ్మినాయన ఇట్లా గిటారు ఎవరూ వాయించరమ్మా అన్నాడు. వాయించడానికి కాదులే అన్నాను. ఓబులేసు తన భార్య బీరువాలో దాచుకున్న ధర్మవరం చీర అంచులోంచి ఒక పట్టుపోగు లాగి తీగల కింద పెట్టమన్నాడు. మోత జుమ్మనాలని నాయన తంబూరకు అట్లనే పెట్టేవాడు. పెట్టి మీటితే, గిటారుకు తగిలించిన చిన్న బ్యాటరీ స్పీకరులోంచి తేనెటీగల తుట్టెలాంటి మోత బయల్దేరింది. ఓబులేసు కళ్ళు మూసుకున్నాడు. వాడి గొంతు రంధ్రం మీది గుడ్డ ఆ మోతకు లోపలికీ బయటికీ ఆడుతోంది. పాడుతున్నాడు వాడు. నాకు తెలుసు.

ఆ తర్వాత మింగడం పోయింది. కడుపులోకి గొట్టం పెట్టారు. ఇప్పుడు మా ఇళ్ళలో నీళ్ళకేం తక్కువ? కుళాయి ఉంది, క్యాన్లు వస్తాయి, ఫ్రిజ్జు నిండా సీసాలు. వాడి తలాపున స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి పైన పళ్ళెం మూసేది ఈశ్వరి. చుక్క మింగలేడు, అయినా పక్కన ఉండాలి వాడికి. మరునాడు అవే నీళ్ళు పారబోసి కొత్తవి పోసేది. నీళ్ళు లేక ఎండిపోయిన అవ్వను చూశాను. గ్లాసు నిండా పెట్టుకుని ఎండిపోయిన వీణ్ణీ చూశాను. రెండూ అన్యాయమే.

ఒక పొద్దున, మబ్బు పట్టి వాన పడని రోజు, వాడు పోయాడు. గిటారు గోడకు తగిలించి ఉంది. దించి చూశాను. శ్రుతి ఎక్కడిదక్కడే ఉంది. రైల్వే స్నేహితులు, ఊరినుంచి బంధువులు చేరారు. నేను గిటారుతో తలాపున కూర్చుంటే పెద్దాయన ఒకడు, "ఏమమ్మా, ఆడమనిషివి, ఏం జేస్తాండావ్ ఈడ?" అన్నాడు. "వాడు చెప్పిన పని," అన్నాను. మీటబోతూ పక్కకు చూస్తే గ్లాసు. నిండా నీళ్ళు, పైన పళ్ళెం. నా చెయ్యి నన్ను అడగకుండానే పోయింది. కొంగు అంచు ఆ నీళ్ళలో ముంచి, ఒక్కొక్క ఉక్కు బిరడనూ తడిపాను.

"అత్తా, తుప్పు పడతాది," అంది ఈశ్వరి ఏడుస్తూనే. "నువ్వే గదా చెప్పింది."

"పట్టనీలేమ్మా."

ఎత్తేదాకా మీటుతూనే ఉన్నాను. వేళ్ళు తెగాయి. ఒక్కసారి, ఒక్క తీగ జారితే బాగుండునని మనసులో ఎంత మొక్కుకున్నానో నాకే తెలుసు. జారితే లేచి కూచుంటానన్నాడు వాడు. జారలేదు. నేనే ఏరి కొన్న బిరడలు అవి.